నాలుగు గేర్ల పెట్టె

మెసేజ్ వచ్చినప్పుడు ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. అది ఎప్పుడు జారి కింద పడిందో ఆమెకే తెలియలేదు.

ముందు ఒక ఫొటో. ఈతకొలను గట్టు మీద పసుపు టోపీ పెట్టుకుని, తడికాళ్ళతో అటు తిరిగి నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల. మొహం కనిపించడం లేదు. కన్నతల్లికి మొహంతో పనేముంది, వీపు చాలు. ఫొటో కింద ముక్తసరిగా కొన్ని మాటలు.

'మూడు గేర్ల పెట్టె తీసెయ్. నాలుగు గేర్లది పెట్టు. ఫైనల్లో మామూలుగా పరుగెత్తించి ఓడిపో. నువ్వు గెలిచినా, ఎవరికైనా చెప్పినా, చూసేవాళ్ళకి అనుమానం వచ్చినా పాప ఇంటికి రాదు.'

నంబరు ఎవరిదో తెలియదు. తిరిగి ఫోన్ చేస్తే మోగలేదు.

చుట్టూ షెడ్డంతా గోలగోలగా ఉంది. ఒకప్పుడు సామాన్ల గోదాము అది. ఇప్పుడు లోపల బంకమట్టి పోసి, దిబ్బలూ గుంతలూ మలుపులూ కట్టి రేసు మైదానం చేశారు. రేడియోతో నడిచే మూరెడు పొడవు కార్లు ఆ దిబ్బల మీంచి కప్పల్లా ఎగురుతాయి. వాటిని పిల్లల బొమ్మలని ఎవరైనా నోరు జారితే ఇక్కడివాళ్ళు కొట్టినంత పని చేస్తారు. ఆమెకు ఊళ్ళో వాచీలు బాగుచేసే కొట్టుంది. అందుకని ఇక్కడ అందరికీ ఆమె 'వాచీలమ్మ'. కారు నిజానికి భర్తది. జ్వరం తగిలి ఆయన పోయాక, అమ్మలేక, దాచలేక తనే నడపడం మొదలుపెట్టింది. మొదట్లో నవ్వారు. ఇప్పుడు పొద్దుటి పోటీల్లో అందరికంటే ముందొచ్చి ఫైనల్లో నిలబడింది.

ఈసారి గెలిచినవాళ్ళకు కప్పుతో పాటు ఉద్యోగం. ఈ కార్లు తయారుచేసే కంపెనీలో, వేరే ఊళ్ళో, ఉండటానికి క్వార్టరుతో సహా. ఇప్పుడుంటున్నది బావగారి ఇంటి మేడ మీద, భర్త అన్నగారి నీడన. వాళ్ళకు పిల్లల్లేరు. పాపంటే ప్రాణం పెడతారు. అయినా ఎన్నాళ్ళని ఒకరి మేడ మీద బతకడం? ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు బావగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "మంచిదమ్మా, గెలువు" అన్నారు. తోడికోడలు మాత్రం అన్నం గిన్నె మీద మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది.

పాపను ఇవాళ ఈతకు తీసుకెళ్ళింది ఆ తోడికోడలే. వెంటనే ఆ అక్కకు ఫోన్ చేసింది. 'మీరు చేసిన నంబరు స్విచాఫ్ చేసి ఉంది.' మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఈతకొలను ఆఫీసు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అక్కకూ ఏమైనా అయిందా?

"ఏంటి వాచీలమ్మా, ఇవాళ ఏ పెట్టె?"

ఉలిక్కిపడి ఫోన్ ఒళ్ళో దాచుకుంది. పళ్ళ డాక్టరు. వరసగా రెండేళ్ళు కప్పు ఎగరేసుకుపోయినవాడు. పొద్దున్న ఆమె వెనకే రెండోవాడుగా వచ్చాడు.

"అది చెప్పేదేనా డాక్టరుగారూ?" అంది.

"నేనైతే మత్తిచ్చి మరీ చెప్పిస్తాను, జాగ్రత్త!" గట్టిగా నవ్వాడు. వెళ్ళబోతూ ఆగి, "పిల్ల కనపడదేం ఇవాళ? ఎప్పుడూ మీ బల్ల కిందే ఆడుకుంటుందిగా?" అన్నాడు.

ఆమె ఒళ్ళో ఫోన్‌ను ఇంకా లోపలికి నొక్కుకుంది.

"ఈతకి... ఈతకి వెళ్ళింది."

"ఈత మంచిదే" అని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈ మెసేజ్ పంపింది ఎవరైనా ఆట తెలిసినవాడే. ఈ రేసులో సగం గెలుపోటములు గేరుపెట్టె ఎంచుకోవడంతోనే తేలిపోతాయి. మూడు గేర్ల పెట్టె పెడితే కారు ముక్కు నేలను కరుచుకుని ఉంటుంది, మలుపులో చెప్పినట్టు తిరుగుతుంది. నాలుగు గేర్లదైతే వేగం పెంచగానే ముక్కు లేస్తుంది, బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది. జారే నేల మీద అది వరం. ఇవాళ మట్టి పెంకులా ఎండి, టైర్లకు జిగురు రాసినట్టు పట్టునిస్తోంది. ఇలాంటి నేల మీద నాలుగు గేర్ల కారు ప్రతి మలుపులోనూ బయటికి జారుతూ, తప్పతాగినవాడిలా వెళ్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఆడది, పెట్టె తప్పుగా ఎంచుకుంది పాపం, అనుకుంటారు. అంతే.

బావగారు బల్ల దగ్గర లేరు. టైర్లు అతికించుకొస్తానని వెళ్ళారు. లేత్ మెషిను మీద ఇనుమును వెన్నలా చెక్కే మనిషి ఆయన. ఆమె కారుకు మెకానిక్కు ఆయనే. వచ్చాక చెబితే? 'ఎవరికైనా చెప్పినా' అన్న మాట కళ్ళ ముందు కదిలింది. చెప్పకూడదు. ఆయనకు కూడా.

పనిముట్ల సంచి, కారూ చంకన పెట్టుకుని ఆడవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. సంచి అడుగున పాత గుడ్డలో చుట్టి ఉంది నాలుగు గేర్ల పెట్టె. భర్త తన చేత్తో బిగించింది. కమోడు మూత మీద కూర్చుని, కారును ఒళ్ళో పెట్టుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. రోజూ కంటికి భూతద్దం పెట్టుకుని గడియారాల్లో ఆవగింజంత చక్రాలు సర్దే చేతులు ఇప్పుడు స్క్రూ తలను పట్టుకోలేకపోతున్నాయి. ఒకటి జారి నేల మీద దొర్లి తలుపు కింద నుంచి బయటికి పోబోతే, కాలితో తొక్కి ఆపింది. బయట ఎవరివో చెప్పుల చప్పుడు. నిలబడ్డాయి. ఊపిరి బిగబట్టింది. కుళాయి నీళ్ళ చప్పుడు, మళ్ళీ చెప్పుల చప్పుడు, నిశ్శబ్దం.

మూడు గేర్లది తీసింది. నాలుగు గేర్లది బిగించింది. పైన రంగు తొడుగు వేసేస్తే లోపల ఏ పెట్టె ఉందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

తిరిగొచ్చేసరికి బావగారు బల్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి పోయావమ్మా? మొహమేంటి అలా పాలిపోయింది?"

"కడుపులో తిప్పుతోంది బావగారూ."

"ఫైనల్ అంటే అంతే. నీ మొగుడైతే రేసు ముందు పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగేవాడు." నవ్వుతూ కారు అందుకున్నారు. "ఇటివ్వు. టైర్లు నేను వేస్తా. నువ్వు కాస్త నీళ్ళు తాగు."

చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. పసుపు టోపీ గుర్తొచ్చి మింగేసింది.

ఆయన టైర్లు వేసి కారును తనిఖీ చేయించుకొచ్చాక మొదలైంది వాన. ముందు రేకుల మీద గులకరాళ్ళు విసిరినట్టు, తరవాత బస్తాలు కుమ్మరించినట్టు. పాత షెడ్డు, పాత రేకులు. మైదానం మధ్యలో ఒకచోట ధార కట్టింది. ఇంకోచోట, మరోచోట. ఎండి పెంకులా ఉన్న మట్టి చూస్తుండగానే నల్లబడి, సబ్బు ముక్కలా మెరవడం మొదలుపెట్టింది. పందెగాళ్ళు లబోదిబోమన్నారు. పెట్టెలు మార్చుకోవడానికి టైమివ్వాలని పళ్ళ డాక్టరు రిఫరీతో గొడవపడ్డాడు.

"బళ్ళన్నీ తనిఖీ అయిపోయాయి, ఇంక ఎవరూ ఏదీ విప్పడానికి లేదు" అన్నాడు రిఫరీ. "నేల పాడైపోతుంది కాబట్టి వార్మప్ కూడా లేదు. మెకానిక్కులు బళ్ళు తీసుకెళ్ళి గీత మీద పెట్టండి!"

ఆమె తడిసి మెరుస్తున్న మైదానం వైపు చూసింది. నేల జారుతోంది. జారే నేల మీద నాలుగు గేర్ల పెట్టె వరం. ఓడిపోవడానికి పెట్టిన పెట్టె ఇప్పుడు ఆమెను లాక్కెళ్ళి గెలిపిస్తుంది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పని.

డ్రైవర్లు నిలబడే మంచె ఎక్కింది. ఒక్కొక్కరి వెనక ఒక్కొక్క మెకానిక్కు నిలబడతాడు. డ్రైవరు కళ్ళు కారు మీంచి తిప్పకూడదు గనక, ఎవరు వెనకొస్తున్నారో, ఎన్నో స్థానమో చెవిలో చెప్పడం మెకానిక్కు పని. కిందకు చూసింది. బావగారు ఆమె కారు, ఆరో నంబరుది, పట్టుకుని గీత దగ్గర వంగి, బ్యాటరీ తగిలించి, రిమోటు మీట ఒకసారి నొక్కి చూసుకుంటున్నారు. అన్ని కార్లకూ జరిగేదే. మంచె రెయిలింగు అడ్డమొచ్చి ఆయన చేతులు సరిగా కనపడలేదు. ఆయన నిదానంగా మెట్లెక్కి వచ్చి రిమోటు ఆమె చేతికిచ్చారు.

"అంతా సరిగ్గా ఉంది" అని ఆమె వెనక నిలబడ్డారు.

అప్పుడు తట్టింది ఆమెకు. తట్టడం కాదు, పిడుగు పడింది.

దిశ.

పెట్టెలో ఒక గేరు పెరిగితే తిరుగుడు తిరగబడుతుంది. మూడు గేర్ల నుంచి నాలుగుకు మారినప్పుడు బ్యాటరీ పక్కనున్న చిన్న స్విచ్చు తిప్పి మోటారు తిరిగే దిశను కూడా మార్చాలి. లేకపోతే ముందుకెళ్ళమంటే కారు వెనక్కి వెళ్తుంది. ఈ ఆటలో ఉన్న ప్రతివాడూ జీవితంలో ఒకసారి చేసి నవ్వులపాలయ్యే పొరపాటిది. బాత్రూములో బ్యాటరీ లేదు, పరీక్షించలేదు. భయంలో అసలు సంగతే మర్చిపోయింది. హారను మోగగానే అందరి కార్లూ ముందుకు దూకితే ఆమెది వెనక్కి పోయి గోడకు కొట్టుకుంటుంది. అందరూ నవ్వుతారు. రిఫరీ తొడుగు విప్పుతాడు. మూడు గేర్లది ఎందుకు తీశావమ్మా అని అడుగుతాడు. 'చూసేవాళ్ళకి అనుమానం వచ్చినా...'

"ఆగండి" అనబోయింది. హారను మోగింది.

వేలు దానంతటదే మీట నొక్కింది.

కారు ముందుకు దూకింది.

బురద చిమ్ముతూ, ముక్కెత్తి, అడవిపంది పిల్లలా ముందుకే దూసుకుపోయింది. మొదటి మలుపులో పళ్ళ డాక్టరు కారు నూనెలో కాలేసినట్టు గిర్రున తిరిగిపోయింది. మిగతావన్నీ దాన్ని గుద్దుకుని చిందరవందరయ్యాయి.

"ఆరో నంబరు! ఆరో నంబరు అందరికంటే ముందు!" లౌడుస్పీకరులో వ్యాఖ్యాత అరుస్తున్నాడు.

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం అంతకంటే పెద్ద భయం వెన్నులో పాములా పాకింది.

దిశ ఎవరు మార్చారు?

బాత్రూము నుంచి వచ్చాక ఆ కారును ముట్టుకున్నది ఒక్కరే. మీట నొక్కి చూశారు, చక్రాలు వెనక్కి తిరిగాయి, సరిచేశారు. బాగానే ఉంది. కాని ఏమీ తెలియని మెకానిక్కైతే అక్కడే అరిచేవాడు. పెట్టె ఎందుకు మార్చావమ్మా, నాతో ఒక్క మాటైనా అనలేదేం, అని పైకొచ్చి తిట్టేవాడు. ఈయన తిట్టలేదు. అడగలేదు. 'అంతా సరిగ్గా ఉంది' అన్నారు. పెట్టె మారిందని ఆయనకు ముందే తెలుసు.

ఆ ఫొటో తీసింది కొలను గట్టు మీద నుంచి. గట్టు మీదకు పిల్లల తాలూకు మనుషుల్ని తప్ప ఎవర్నీ రానివ్వరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగ ఇప్పుడు ఆమె మెడ వెనక నిలబడి ఊపిరి పీలుస్తున్నాడు.

"తగ్గమ్మా" అన్నారు బావగారు మెల్లగా. "నేల జారుతోంది. కాస్త తగ్గు."

కళ్ళు కారు మీంచి తిప్పలేదు. తిప్పితే కారు పోతుంది. కారు పోతే ఏమవుతుందో తెలియదు.

"పాప ఎక్కడుంది బావగారూ?"

రేకుల మీద వాన. దిబ్బ మీంచి కారు ఎగిరి దిగింది.

"ఈతలో ఉంది కదమ్మా."

"దిశ మీరే మార్చారు."

మెడ వెనక ఊపిరి ఆగిపోయింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"అలవాటమ్మా. తప్పుగా ఉన్న బండిని నా చేత్తో గీత మీద పెట్టలేను. అక్కడే దొరికిపోయాను కదూ?" చిన్నగా నవ్వినట్టు అనిపించింది. "పాపకేం కాదు. దాన్ని నేను కొడతానా, తిడతానా? మీ అక్క దగ్గరే ఉంది. ఓడిపో. అందరం ఇంటికెళ్ళి అన్నం తిందాం. నా తమ్ముడి కూతుర్ని ఎక్కడికో తీసుకుపోతానంటే మాత్రం... ఊరుకోలేం. నువ్వెక్కడికైనా పో. అది మాది."

'అది మాది.' ఓడిపోతే ఇవాళ్టికి పాప ఇంటికొస్తుంది. రేపు? ఎల్లుండి? ఎప్పుడు గడప దాటాలనుకున్నా పసుపు టోపీ ఫొటో ఒకటి వస్తూనే ఉంటుంది.

ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది.

పక్కచూపుతో ఆయన చెయ్యి జేబు వైపు వెళ్ళడం గమనించింది. ఆ ఫోనులో అవతల ఉన్నది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ చెయ్యి ఫోన్ అందుకోకూడదు. దాన్ని ఆపే బలం ఆమెకు లేదు. ఆపగలిగింది ప్రపంచంలో ఒక్కటే.

కారు పెద్ద దిబ్బ వైపు పూర్తి వేగంతో వెళ్తోంది. ఆమె గిరుక్కున తిరిగి, రిమోటును ఆయన గుండెల మీదకు తోసి వదిలేసింది.

"కారు పోతోంది!"

ఎన్నేళ్ళ అలవాటో ఆ చేతులది. మెదడు కంటే ముందు అవే కదిలాయి. జేబు వైపు వెళ్తున్న చెయ్యి వెనక్కొచ్చి రిమోటు పట్టింది, కళ్ళు కారు మీద పడ్డాయి, వేలు మీట మీద బిగిసింది. గాల్లో ఒరిగిన కారు సర్దుకుని నాలుగు చక్రాల మీదా దిగింది. ఆ రెప్పపాటులో ఆమె మోగుతున్న ఫోన్ ఆయన జేబులోంచి లాక్కుని మంచె మెట్లు దిగి పరుగెత్తింది.

"ఏయ్! అమ్మాయ్!" అన్నారాయన. వెంట మాత్రం రాలేదు. కారు మలుపులో ఉంది.

ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకుంది. మాట్లాడలేదు.

"ఏమండీ?" తోడికోడలి గొంతు. "బయటికి మైకు వినపడుతోంది. ఆరో నంబరే ముందుందంటున్నాడు. ఇక్కడే, పార్కింగులోనే ఉన్నాం. ఇంజిను ఆపలేదు. బయల్దేరిపోనా?"

నోరు విప్పితే గొంతు తెలిసిపోతుంది. ఊరుకుంటే బయల్దేరిపోతుంది. బావగారు ఇంట్లో దేనికైనా ఎలా మూలుగుతారో ఆమెకు తెలుసు. ముక్కుతో, బరువుగా అంది.

"ఊహూఁ."

"గెలిస్తే మాత్రం మీకోసం ఆగను. మా అన్నయ్య ఊళ్ళో కలుసుకుందాం."

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ తలుపు చేరింది. వాన మొహం మీద కొట్టింది. బయటంతా కార్లు, వరసలు వరసలుగా. అన్నీ తడిసి ఒకే రంగులో ఉన్నాయి. ఏది? ఏది? లౌడుస్పీకరు షెడ్డు చూరు నుంచి ఇంకా అరుస్తోంది.

"ఆఖరి రౌండు! ఆరో నంబరును పట్టుకునేవాడు లేడు! ఏం నడుపుతోందండీ వాచీలమ్మ!"

నడుపుతున్నది ఆమె కాదు. గెలిస్తే తన భార్య బండి కదిలిస్తుందని తెలిసిన మనిషి, ఓడమని తనే చెప్పిన మనిషి. ఆపాలనుకుంటే వేలు ఎత్తితే చాలు. కావాలనే గెలుస్తున్నాడా, ఆ వేలే లేవడం లేదా?

ఆగి ఉన్న కార్లలో ఒక్కదానికే వైపర్లు ఆడుతున్నాయి. నీలం కారు. వెనక సీటు అద్దం మీద ఆవిరిలో ఎవరో వేలితో చేప బొమ్మ గీశారు.

"ఏమండీ, మాట్లాడరేం? ఏమండీ?" ఫోనులో గొంతు పెరిగింది.

ఆమె అద్దం మీద అరచేత్తో కొట్టింది. చేప బొమ్మ వెనక నుంచి పసుపు టోపీ లేచింది. చేతిలో సగం తిన్న బిస్కెట్టు.

"అమ్మా!"

"తలుపు తియ్యి తల్లీ! పక్కనున్న మీట పైకి లాగు!"

తోడికోడలు వెనక్కి తిరిగి చూసింది. ఆ కళ్ళలో ఉన్నది కూడా భయమే. పాప మీట లాగింది. ఆమె తలుపు పెరికి, పిల్ల రెండు చంకల కిందా చేతులు వేసి లాగింది.

"ఆరో నంబరు గెలిచిం-"

నీలం కారు ఒక్కసారిగా ముందుకు దూకింది. తెరిచిన తలుపు అంచు ఆమె భుజాన్ని కొట్టి, తల్లినీ బిడ్డనూ బురదలోకి విసిరేసింది. పసుపు టోపీ ఎటో ఎగిరిపోయింది. నీలం కారు తలుపు వేలాడేసుకుని గేటు దాకా వెళ్ళింది. అక్కడ వెనక సీటు ఖాళీగా ఉందని గుర్తొచ్చిందో ఏమో, నిలబడిపోయింది. లోపల తోడికోడలు స్టీరింగు మీద తలపెట్టుకుంది. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.

"అమ్మా, నా బిస్కెట్టు పడిపోయింది" అంది పాప.

ఆమె పిల్ల మొహం, చేతులు, కాళ్ళు తడిమి తడిమి చూసుకుంది. ఏడుపు రాలేదు. పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి.

షెడ్డులోంచి జనం వచ్చారు. డ్రైవరు మారిపోయింది గనక ఆరో నంబరు గెలుపు చెల్లదని రిఫరీ అరుస్తున్నాడు. అందరికంటే వెనక బావగారు వచ్చారు. ఒక చేతిలో రిమోటు, ఒక చేతిలో బురద కారు. నడుస్తూ నడుస్తూ చొక్కా అంచుతో దాని చక్రాలు తుడుస్తున్నారు. ఆమె ఎదుటికొచ్చి ఆగారు.

"పెట్టె బాగా వేడెక్కిందమ్మా" అన్నారు, ఏమీ జరగనట్టు. "ఇంటికెళ్ళాక విప్పి చూడాలి."

కారు ఆమె వైపు చాచారు. అందులో ఉన్నది భర్త బిగించిన పెట్టె. ఆమె రెండు చేతులూ పాప చుట్టూ ఉన్నాయి. ఆ చేతులు విడవలేదు.

"పెదనాన్నా, పెద్దమ్మ ఎందుకు ఏడుస్తోంది?" అంది పాప. చాచిన కారు చాచినట్టే ఉంది.

ఆమె ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. ఆయనకు వీపు చూపించడానికి ధైర్యం చాలలేదు. వెనక ఎవరికో తగిలి కెవ్వుమంది. పళ్ళ డాక్టరు. పైకెత్తిన గొడుగు వాళ్ళిద్దరి మీదకు వంచాడు. ఆమె మొహం, బావగారి మొహం, గేటు దగ్గర తలుపు తెరిచి ఉన్న కారు, మూడూ చూశాడు. నవ్వలేదు.

"నా బండి ఇక్కడే ఉంది. ఎక్కండి" అన్నాడు. "ఎక్కడికి?"

ఇల్లు, మేడ, తాళంచెవి, అన్నీ బావగారివే. ఆమె పాపను మొదట లోపలికి తోసి, తను ఎక్కి, లోపల గడియ పడిందా లేదా అని రెండుసార్లు లాగి చూసింది.

"ఎక్కడికైనా పోనివ్వండి" అంది. "ముందు ఇక్కణ్ణుంచి."